మెట్ల లెక్క

వల్పరైసోలో మా కొండకి
రెండు వందల పదహారు మెట్లు.
డిసెంబరులో, మా వేసవి మొదట్లో,
సుద్దముక్క పట్టుకుని ఒక్కోదానికీ అంకె వేశాను.
ఫైరింజన్ కింద తారురోడ్డు దగ్గరే ఆగుతుంది.
అక్కణ్ణుంచి పైకి
ఎవరికి ఎవరు, అన్నదే ప్రశ్న.

మొదటి సమావేశానికి ఏడుగురొచ్చారు,
అందులో ఇద్దరు కేకు కోసం.
నోల్బెర్తో తన ట్రాలీబస్ డిపో విజిల్ తెచ్చి
బల్ల మీద పెట్టాడు, తుపాకీ పెట్టినంత ఠీవిగా.
"మూడుసార్లు ఊదితే మంట.
ఆపకుండా ఊదితే భూకంపం."
"భూకంపం వస్తే నువ్వు ఊది చెప్పాలా?"
అంది రొమిల్దా, నోట్లో కేకుతోనే.

తర్వాత నోటుబుక్కుతో ఇంటింటికీ తిరిగాను.
నిచ్చెన ఎవరిది, తాడు ఎవరిది,
తుప్పుపట్టి మర తిరగని గ్యాస్ బండ ఎవరింట్లో.
పారలెన్నున్నాయో అందరూ బిగ్గరగా చెబుతారు.
ఇన్సులిన్ సంగతి మాత్రం
నన్ను సాగనంపే నెపంతో గుమ్మం దాటొచ్చి చెబుతారు.

యాభై నాలుగో మెట్టు పక్కన నీలం రేకు ఇల్లు.
అక్కడి కుర్రాడు యెర్కోకి చెవులు వినపడవట.
రెండేళ్లుగా మేం పొగరనుకున్నాం.
వాడికి విజిల్ దండగ. రాశాను:
"యెర్కో. రాయి విసరాలి.
కిటికీకి కాదు, రేకుకి. అదురు తెలుస్తుంది."

ఓసియెల్‌కి మూడు వేల లీటర్ల ట్యాంకు ఉంది,
మా అమ్మతో పదకొండేళ్ల గోడ తగాదా కూడా.
"నీళ్లిస్తాను," అన్నాడు తలుపు సగమే తెరిచి,
"గోడ మాత్రం నాదే."
నీళ్లు రాసుకున్నాను.
గోడకి నా పుస్తకంలో గడి లేదు.

చిట్టచివరి మెట్టు మీద దోన్యా ఎదువిహిస్.
తొంభై ఒకటి నిండాయి.
ఉల్లిపాయలు తరుగుతూనే మాట్లాడింది:
"ఈ కొండ ఎక్కిన ఎక్కుడు చాలు, దిగను.
రాసుకో, రాదు అని."
రాశాను. పక్కనే ఇంకో గడి:
ఎవరు తలుపు తట్టాలి?
పెన్ను అక్కడ కాసేపు నిలబడి
ఏమీ రాయకుండా పేజీ తిప్పేసింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
యూకలిప్టస్ లోయలోంచి దక్షిణపు గాలి
నిప్పుని చెయ్యిపట్టి నడిపించుకొచ్చింది.
నోల్బెర్తో మూడుసార్లన్నది మరిచి
ఊపిరున్నంతసేపూ ఊదాడు.
అందరం భూకంపమనుకుని బయటికొచ్చాం.
రావడమే కదా కావలసింది.
బకెట్లు చేతులు మారాయి.
మా అమ్మ, ఓసియెల్ పక్కపక్కనే నిలబడి
ఒకరి మొహం ఒకరు చూడకుండా
నీళ్లు అందుకున్నారు, అందించారు.

రాయి ఎవరు విసిరారో తెలియదు,
రేకు మోగింది.
యెర్కో చెప్పుల్లేకుండా వచ్చి
దిగుతున్న మా అందరినీ ఒరుసుకుంటూ
పైకి పరిగెత్తాడు.
వాడికి నేనేమీ చెప్పలేదు. చెప్పినా వినపడేది కాదు.

పొగలోంచి తిరిగొచ్చినప్పుడు
వాడి వీపు మీద ఎదువిహిస్,
చేతిలో ఉల్లిపాయల కత్తి ఇంకా అలాగే.
పుట్టి బుద్ధెరిగాక నేర్చిన తిట్లన్నీ
మెట్టుకొకటి చొప్పున తిట్టింది.
ఒక్కటీ వాడికి తగల్లేదు.

తెల్లారేసరికి నాలుగిళ్లు లేవు.
గోడ ఉంది. తగాదా తొమ్మిదింటికి మళ్లీ మొదలైంది.
రొమిల్దా ఎవరిదో కాని దుప్పటి కప్పుకుని
మసిబారిన కెటిల్‌తో టీ పోసింది.

పుస్తకం తెరిచి ఆ 'రాదు' కొట్టెయ్యబోతే
ఎదువిహిస్ నా మణికట్టు పట్టుకుంది.
"అది నా మాట. అలాగే ఉండనీ.
పక్క గడిలో వాడి పేరు రాయి."

బకెట్లు ఒలికి సుద్ద అంకెలన్నీ కొట్టుకుపోయాయి.
ఇవాళ కింది నుంచి మళ్లీ వేసుకుంటూ వచ్చాను.
పైకొచ్చేసరికి రెండు వందల పదిహేనే తేలాయి.
ఎక్కడో ఒకటి దాటేసినట్టున్నాను.
సుద్దముక్క జేబులో వేసుకుని
దాని కోసం కిందికి దిగుతున్నాను.